ఎన్నిక యను మాట లేని యెన్నిక

"ప్రెసిడెంటు" అను మాట తెలియని పల్లె నేడు లేదు. గ్రామపంచాయతి పెద్దను అధ్యక్షుడనియో సర్పంచియనియో కాగితములలో వ్రాసినను రచ్చబండమీద నాతడు ప్రెసిడెంటే. కాని యీ మాట ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాలకు తొలుత వచ్చినది ఓట్ల పెట్టెతో గాదు. 19వ శతాబ్ది చివర తాలూకా బోర్డునకు ప్రెసిడెంటనగా రెవిన్యూ డివిజనల్ ఆఫీసరు. జిల్లా బోర్డునకు ప్రెసిడెంటనగా కలెక్టరు దొర. ఆ పదవికి రైతు చేయెత్తి యొకని నిలుపుటగాని, నిలిచిన వానిని దింపుటగాని లేదు. అట్టి కాలమునందు చెన్నపురి రాజధానిలో ఒక యెన్నిక జరిగినది. 1893లో ప్రారంభమైన ఆ యెన్నికను చట్టము ఎన్నికయని పిలువలేదు. ఎన్నికైన వారిని ఎన్నికైన వారనలేదు. అయినను నేటి శాసనసభలకు మూలము వెదకుకొని పోవువారు ఆ మెట్టు తొక్కక ముందునకు సాగజాలరు.

ఆ వృత్తాంతము తెలియవలెనన్నచో కొంత వెనుకకు మరలవలెను. నెల్లూరి సీమ ఆర్కాటు నవాబు చేతినుండి కుంఫిణీవారి వశమైనది 1801లో. వెలిగొండల క్రింది ఉదయగిరి మాత్రము మరికొంత కాలము జాగీరుగా నిలిచి, 1839లో జాగీరుదారు అబ్బాసు ఆలీఖాను కుట్రలో చేరెనను అనుమానముపై బందీ యగుటతో సర్కారులో కలిసినది. మూడువేల అడుగులకు పైబడిన ఆ దుర్గమును కృష్ణదేవరాయలు గజపతులనుండి గెలుచుటకు ఏడాదికి పైగా ముట్టడి సాగించవలసివచ్చెను. 1514లో నది లోబడెను. కుంఫిణీవారికి ఒక్క హుకుము చాలినది. రాజులు మారినను, జాగీర్లు పోయినను రైతు కంటికి గానవచ్చు సర్కారు రెండే రూపములు: శిస్తు వసూలు చేయు మునసబు, లెక్క వ్రాయు కరణము. వారికిమీద తహశీల్దారు. ఆమీద నెవరున్నారో, వారెట్టి చట్టములు చేయుచున్నారో విచారించు త్రోవ లేకుండెను.

ఆ త్రోవకై మొదట గొంతెత్తినది చెన్నపట్టణపు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శ్రేష్ఠి. ఆయన 1852లో మద్రాసు స్వదేశీయ సంఘమును స్థాపించి, రైతుల బాధలను ఇంగ్లండు పార్లమెంటునకు అర్జీ రూపమున నివేదించెను. శిస్తు బకాయిలకై రైతులను ఎండలో నిలుపుట, వీపున రాళ్ళెత్తుట, వ్రేళ్ళను చిరుతలలో నొక్కుట మొదలగు క్రూరకృత్యములు నిజమేనని 1855లో వెలువడిన విచారణ సంఘపు నివేదిక ఒప్పుకొనెను. లెక్క వ్రాయు వృత్తివారు ఆ నివేదికను చదువునపుడు తల వంచుకొనవలసిన పుటలు కొన్ని కలవు. శిస్తు జమయైన తేదీ దస్త్రములో నున్నది. అది యెట్లు జమయైనదో దస్త్రములో లేదు.

1861 చట్టముచే గవర్నరుగారి సభలో శాసనములు చేయుటకై కొందరు అదనపు సభ్యులను చేర్చుకొనుట మొదలైనది. వారిలో నొకడుగా వి. సదగోపాచార్యులు చేరి, చెన్నపురి సభలో కూర్చున్న తొలి భారతీయుడయ్యెను. అయితే సభ్యులందరు నియమితులే. అంతకన్న ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. ఆ సభ్యులు ఎదుట పెట్టిన చట్టపు ముసాయిదాను గూర్చి మాటాడవచ్చునే కాని, ప్రభుత్వమును ప్రశ్న యడుగుటకు వీలులేదు. జమాఖర్చులను చర్చించుటకు వీలులేదు. ఈ నోరు లేని సభ యుండగనే ధాత సంవత్సరము వచ్చినది.

ధాత, ఈశ్వర సంవత్సరముల కరవనగా 1876 మొదలు 1878 వరకు. వానలు రెండు తడవలు తప్పినవి. బళ్ళారి, కర్నూలు, కడప మండలములతోబాటు నెల్లూరి మండలమును ఆ కరవు వాత బడినది. ఏటి నీరు దొరకు డెల్టా భూములకును మెట్ట తాలూకాలకును గల భేద మపుడు తేటపడెను. సజ్జయు జొన్నయు వరిగయు నమ్ముకొన్న ఉదయగిరి పల్లెలకు వాన తప్ప వేరొక దిక్కెక్కడిది? ఆ కరవు నడుమ 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా చాటుటకు లిట్టన్ ప్రభువు దర్బారు జరిపెను. ఆ జనవరిలోనే కేంద్ర ప్రభుత్వము పంపగా వచ్చిన రిచర్డు టెంపుల్ దొర కరవు పనుల కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యము, కొలదిపాటి పైకము చాలునని కొలత తగ్గించెను. ఆ కొలతతో మట్టి మోయు మనిషి బ్రదుకజాలడని వాదించినవాడు కార్నిష్ అను వైద్యాధికారి. అనగా సర్కారు కొలతను ప్రశ్నించినవాడు సర్కారు కొలువులోని మరియొక ఇంగ్లీషువాడు. కొన్ని నెలలకు కొలత మరల పెంచిరి. ఈలోపల చనిపోయిన వారి లెక్క యెవరును సరిగా వ్రాయలేదు; రాజధాని మొత్తమున అది లక్షలలో నున్నదనుట మాత్రము నిర్వివాదము. చెన్నపురి నగరములోగుండ బకింగ్‌హాం కాలువను కలిపిన త్రవ్వకము ఆ కరవు పనులలోనిదే. అదే కాలువ నెల్లూరి తీరమువెంట ఉత్తరమునకు సాగును. సముద్రపు టొడ్డున పడవలకు త్రోవ యేర్పడినది గాని, వెలిగొండల క్రిందివారికి దానివలన కలిగిన లాభము స్వల్పము.

శాసనసభలో ఒక్క సభ్యునికి "ఈ పౌను కొలత యెవరు నిర్ణయించిరి?" అని అడుగు హక్కున్నచో కరవు ఆగెడిది కాదు. కాని యడిగిన ప్రశ్నకు సర్కారు జవాబు అచ్చులో పడెడిది. ఎన్నిక వ్యవహారమున పణముగా నున్నది అదియే.

ఆ కాలముననే సముద్రములకు ఆవల మరియొక లెక్క చిక్కుపడినది. చదువరులు దానిని గూడ తెలిసికొనుట మంచిది, ఏలయన ఓటు హక్కు కలిగినంతమాత్రమున లెక్క తీరదని అది చూపును. 1876 నవంబరులో అమెరికా సంయుక్త రాష్ట్రములలో ప్రెసిడెంటు పదవికి రిపబ్లికను పక్షమున హేసు, డెమొక్రాటు పక్షమున టిల్డెను పోటీపడిరి. ఆ దేశమున ప్రజలు నేరుగా ప్రెసిడెంటును ఎన్నుకొనరు. ఒక్కొక్క రాష్ట్రమున కొందరు నిర్వాచకులను ఎన్నుకొందురు, ఆ నిర్వాచకులు ప్రెసిడెంటును ఎన్నుకొందురు. మొత్తము 369 మంది నిర్వాచకులు. గెలుపునకు 185 మంది కావలెను. టిల్డెనునకు 184 మంది నిస్సంశయముగా సమకూడిరి. తక్కినది ఫ్లారిడా, దక్షిణ కారొలైనా, లూసియానా అను మూడు దక్షిణ రాష్ట్రముల లెక్కలమీదను, ఆరిగాన్ రాష్ట్రపు ఒక్క నిర్వాచకునిమీదను నిలిచెను.

ఫ్లారిడాకు గలది నాలుగే నిర్వాచక స్థానములు. ఆ నాటికది జనసంఖ్య స్వల్పముగా గల రాష్ట్రము. అందు బేకరు అను చిన్న మండలము నుండి ఒకే యెన్నికకు ఒకటికి మించిన లెక్కలు వచ్చినవి. మండలములోని అన్ని పోలింగు స్థలములను చేర్చి వ్రాసిన లెక్కలో టిల్డెను పక్షమునకు 238, హేసు పక్షమునకు 143 ఓట్లు. రెండు స్థలములను త్రోసివేసి వ్రాసిన లెక్కలో హేసునకు 130, టిల్డెనునకు 89. ఊరు ఒకటే, ఓటర్లు ఒకరే. గెలిచిన వాడు మాత్రము వేరు. అడంగలులో సర్వే నంబరు నొకదానిని విడిచిపెట్టి మొత్తము కట్టినట్లు! పిదప రాష్ట్రపు పరిశీలక సంఘము మరికొన్ని చోట్ల ఓట్లను కొట్టివేసి రాష్ట్రము హేసుదేనని చాటెను. దానికి ప్రతిగా డెమొక్రాటులు వేరొక ధ్రువపత్రము పంపిరి. జనవరిలో అధికారమునకు వచ్చిన క్రొత్త గవర్నరు మూడవదానిని పంపెను. ఒక రాష్ట్రము, మూడు ధ్రువపత్రములు.

తగవు తీర్చుటకు అమెరికా చట్టసభ 15 మందితో ఒక సంఘమును నియమించెను. పార్లమెంటు సభ్యులు పదిమంది, ప్రధాన న్యాయస్థానపు న్యాయమూర్తులు అయిదుగురు. ప్రతి వివాదమునందును తీర్పు 8కి 7గా, పక్షములవారీగానే వెలువడెను. 1877 మార్చి 2వ తేదీన హేసునకు 185, టిల్డెనునకు 184 అని తేలెను. దేశము మొత్తముమీద ప్రజల ఓట్లలో టిల్డెనునకే రెండు లక్షలకు పైబడిన ఆధిక్యము కలదు. హేసు పదవికి వచ్చిన కొలదికాలమునకే దక్షిణ రాష్ట్రములనుండి కేంద్రపు సైనికుల కాపు తొలగింపబడెను. బానిసత్వము నుండి విడుదలయై పదునైదేండ్లు గడువని నీగ్రో ప్రజలకు రాజ్యాంగ సవరణలచే లభించిన ఓటు హక్కు ఆ పిమ్మట క్రమక్రమముగా కాగితములకే పరిమితమైనది. అది మరల చేతికి వచ్చుటకు 1965 నాటి చట్టము వరకు వేచియుండవలసి వచ్చెను. ఫ్లారిడాలో నాలుగు పేర్ల పట్టిక దిద్దిన వారికి, ఆ దిద్దుబాటు వెల ఎవరు చెల్లింతురో తెలియక పోలేదు.

తిక్కన సోమయాజి తెనిగించిన శాంతిపర్వమునందు ధర్మరాజునకు భీష్ముడు గణరాజ్యముల నీతిని చెప్పు ఘట్టము మూలానుసారమైనది. గణములు శత్రువులచే గాక లోపలి లోభముచేతను భేదముచేతను నశించునని అచటి తాత్పర్యము. మన వారికి ఎంపికచే నడచు సభలు క్రొత్త కాదనుటకు చోళ పరాంతకుని కాలమునాటి ఉత్తరమేరూరు శాసనములు సాక్ష్యము. అచ్చట పేర్లు వ్రాసిన తాటాకు ముక్కలను కుండలో వేసి, బాలునిచే తీయించి, ఊరి వారియములను నియమించుచుండిరి. లెక్క చూపని వానిని, వాని బంధువులను కుండకు దూరముగా నుంచిరి. అయితే ఆ కుండలో పేరు పడుటకు భూమియు, ఇల్లును, వేదాధ్యయనమును ఉండవలెను. అది బ్రాహ్మణ అగ్రహారపు సభ. ఊరిలోని కాపునకుగాని, మాలమాదిగలకుగాని అందు పాలు లేదు. ఆ శాసనమును చూపి "ప్రజాస్వామ్యము మాదే" యని మురియువారు ఈ సంగతిని దాటవేయుట న్యాయము గాదు.

1882 మే 18వ తేదీన రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి తీర్మానమును వెలువరించెను. స్థానిక సభలలో ఉద్యోగులు కానివారే అధికముగా నుండవలెననియు, వీలైనచోట ఎన్నిక జరుగవలెననియు, అధ్యక్షులు సైతము ఉద్యోగులు కాకుండుట మేలనియు ఆయన యాశయము. దానిని ఆచరణకు తెచ్చుటకై చెన్నపురిలో 1884లో అయిదవ చట్టము పుట్టెను. అదివరకు 1871 చట్టముచే నడచిన లోకల్ ఫండు బోర్డులు పోయి, మూడంతస్తుల కట్టడము లేచెను: క్రింద కొన్ని ఊళ్ళకు యూనియన్ పంచాయతి, నడుమ తాలూకా బోర్డు, పైన జిల్లా బోర్డు. పంచాయతికి అయిదుగురికిని, తాలూకా బోర్డునకు 12 మందికిని, జిల్లా బోర్డునకు 24 మందికిని తక్కువ గాకుండ సభ్యులుండవలెను. గ్రామ మునసబు పంచాయతిలో హోదాచే సభ్యుడు.

ఖర్చునకు సొమ్ము? భూమిపై సెస్సు, రూపాయికి ఒక అణా. 32 రూపాయలపై లెక్క కట్టినచో రెండు రూపాయలు సెస్సు. ఆ రెండు రూపాయలు రోడ్డునకు, సత్రమునకు, ఆస్పత్రికి, టీకాలు వేయువానికి, పల్లె బడికి చేరవలెను. కొంత చేరినది గూడ. నెల్లూరు నుండి ఆత్మకూరు మీదుగా మెట్టకు బండ్ల బాట బాగుపడుటయు, ఊళ్ళలో బళ్ళు వెలయుటయు బోర్డుల వలననే. నిందింపదగిన దొక్కటే: సెస్సు కట్టు రైతు ఆ సెస్సును ఖర్చు పెట్టువానిని ఎన్నుకొనుట లేదు. ఎన్నికకు చట్టములో త్రోవ నుంచిరి గాని, తాలూకా బోర్డుల సభ్యులను చిరకాలము ప్రభుత్వమే నియమించుచు వచ్చెను. డివిజనల్ ఆఫీసరు అధ్యక్షుడుగా నుండగా, ఆయన సిఫారసుచే చోటు దొరికిన సభ్యుడు ఆయన యెదుట ఎంత గట్టిగా మాటాడగలడో చదువరులే యూహింతురు గాక. రిప్పన్ ప్రభువు నాటిన మొక్కకు కుండీ మాత్రమే మిగిలెను. ఆయన పేరిట చెన్నపురిలో కార్పొరేషను భవనము మాత్రము ఠీవిగా లేచెను.

ఈలోగా కాంగ్రెసు పుట్టినది. 1884లో చెన్నపురిలో మహాజన సభ యేర్పడెను. పల్లె రంగయ్యనాయుడు దానికి తొలి అధ్యక్షుడు, కార్యకర్తలలో పనప్పాకము ఆనందాచార్యులు ప్రముఖుడు. ఆనందాచార్యులు చిత్తూరి సీమలోని కట్టమంచిలో 1843లో పుట్టి, 1891లో నాగపురమున కాంగ్రెసునకు అధ్యక్షత వహించిన తెలుగు బిడ్డ. 1889లో బొంబాయి కాంగ్రెసు శాసనసభల సంస్కరణకై ఒక పథకమును సిద్ధపరచెను. ఇంగ్లండునుండి వచ్చిన పార్లమెంటు సభ్యుడు చార్లెసు బ్రాడ్లా దానిని తన బిల్లునకు ఆధారము చేసికొనెను. ఆ పథకమునందు తగిన అర్హతగల 21 ఏండ్లకు పైబడిన పురుషులు జిల్లాకు పది లక్షల జనమునకు 12 మంది చొప్పున నిర్వాచకులను ఎన్నుకొనవలెను. ఆ నిర్వాచకులు పది లక్షలకు ఒకరి చొప్పున రాజధాని సభకును, ఏబది లక్షలకు ఒకరి చొప్పున కేంద్ర సభకును సభ్యులను పంపవలెను. 1891 జనాభా లెక్కలలో నెల్లూరి జిల్లా జనసంఖ్య పదునాలుగు లక్షలకు పైబడియున్నది. ఒంగోలు, కందుకూరు, కనిగిరి తాలూకాలు అపుడీ జిల్లాలోనివే. త్రైరాశికము వేసిచూచినచో జిల్లాకు నిర్వాచకులు సుమారు 17 మంది. ఉదయగిరికి ఒకరో యిద్దరో దక్కెడివారు. అది అమెరికా పద్ధతికి చుట్టమే. కాని బ్రాడ్లా 1891 జనవరిలో మరణించెను. ఆ బిల్లు ఆయనతోనే పోయెను.

దాని స్థానమున వచ్చినది 1892 నాటి ఇండియా కౌన్సిళ్ళ చట్టము. ఇంగ్లండు ప్రభువులకు భారతదేశమున ఎన్నికయనిన భయము. ఎన్నిక లేకున్న కాంగ్రెసు ఊరుకొనదని మరియొక భయము. రెండు భయములకు సరిపోవు మాట యొకటి వెదకిరి. చట్టములో ఎక్కడను ఎన్నిక యను పదము లేదు. గవర్నరు సభ్యులను నియమించును. అయితే కొన్ని సంస్థలు పేర్లను "సిఫారసు" చేయవచ్చును. సిఫారసు చేసిన పేరును గవర్నరు త్రోసివేయుట ఆచారము గాలేదు గనుక, సిఫారసే ఎన్నిక. పెండ్లి జరిగినది గాని పెండ్లియని పిలువరాదన్నట్టు. బోధపడవలసినవారికి బోధపడినది. గ్లాడ్‌స్టను కామన్సు సభలో దాని యంతరార్థము ఎన్నికయేనను భావమును దాచలేదు.

చెన్నపురి సభలో అదనపు సభ్యులు 20 మందికి మించరాదు. వారిలో ఉద్యోగులు తొమ్మండుగురికి మించరాదు. సిఫారసు చేయు హక్కు చెన్నపురి కార్పొరేషనునకు, విశ్వవిద్యాలయమునకు, వర్తక సంఘమునకు, మునిసిపాలిటీల సమూహములకు, జిల్లా బోర్డుల సమూహములకు లభించెను. పదవీకాలము రెండేండ్లు. 1893 మొదలు 1909 వరకు ఎనిమిది తడవలు ఈ యెన్నికలు జరిగినవి. కార్పొరేషను తరఫున పల్లె రంగయ్యనాయుడు వెళ్ళెను. క్రైస్తవ కళాశాల అధ్యక్షుడు విలియం మిల్లరు దొర సభలో కూర్చుండెను. తెలుగు నాటినుండి రాజమహేంద్రవరపు న్యాయవాది న్యాపతి సుబ్బారావు పంతులు, గోదావరి మండలపు కృత్తివెంటి పేర్రాజు పంతులు మున్నగువారు ఈ త్రోవను సభకు చేరిరి. న్యాయవాదులే యెక్కువ. వారినే పంపిరి గాని మునసబునో మోతుబరినో పంపకుండుటకు కారణము స్పష్టము: ఇంగ్లీషు రానివాడు ఆ సభలో మూగవాడు.

ఈ నిచ్చెనను క్రిందినుండి పైకి ఒకసారి ఎక్కి చూడుడు. దుత్తలూరి రైతు, సీతారామపురపు రైతు సెస్సు కట్టును. ఆ సెస్సుచే నడచు తాలూకా బోర్డునకు సభ్యులను సర్కారు నియమించును. జిల్లా బోర్డులో కొందరిని తాలూకా బోర్డువారు పంపుదురు, కొందరిని సర్కారే నియమించును, పైన కలెక్టరు కూర్చుండును. కొన్ని జిల్లా బోర్డులు కలిసి చెన్నపురి సభకు ఒకరిని సిఫారసు చేయును. ఆ సభలోని ఉద్యోగులు కాని సభ్యులు కలిసి వైస్రాయి సభకు ఒకరిని పంపుదురు. 1895లో ఆనందాచార్యులు కలకత్తా సభకు వెళ్ళినది ఆ చివరి మెట్టునుండియే. నాలుగు మెట్లు, మొదటి మెట్టుపై రైతు లేడు. అమెరికాలో నిర్వాచకుని ఎన్నుకొన్నవాడు పౌరుడు. ఆ పౌరుని ఓటును లెక్కలో దొంగిలింపవచ్చును, దొంగిలించిరి గూడ. ఇచ్చట దొంగిలించుటకు ఓటే లేదు.

అయినను ఆ సభను తేలికగా త్రోసివేయరాదు. 1892 చట్టము రెండు కొత్త హక్కులను తెచ్చినది. ముందుగా తెలియజేసి ప్రభుత్వమును ప్రశ్న యడుగవచ్చును, ఉపప్రశ్నకు వీలులేదు. సాలు జమాఖర్చులను చర్చింపవచ్చును. దానిపై ఓటు కోరరాదు. ధాత కరవునాడు లేని నోరు ఇరువదియేండ్లు నిండకముందే కొంత తెరచుకొన్నది. ప్రశ్నయు జవాబును అచ్చుపడి పత్రికల కెక్కెను. నెల్లూరిలో పత్రిక చదువు ప్లీడరు చెప్పగా విని, జమాబందీకి వచ్చిన రైతు ఆ సంగతిని పల్లెకు మోసికొనిపోవుటకు వీలుకలిగెను.

ఆ సభ కాలముననే చేయబడిన చట్టమొకటి ఈ సీమలో ప్రతి యూరికిని సంబంధించినది. అది 1895లోని మూడవ చట్టము: వంశపారంపర్య గ్రామోద్యోగముల చట్టము. రైత్వారీ గ్రామములలో మునసబు, కరణము మున్నగు ఉద్యోగములకు వారసుడెవ్వడో అది నిర్ణయించినది. పంపకము లేదు, ఒక్క వారసునికే చెందవలెను, ప్రాచీన జమీందారీలలోవలె జ్యేష్ఠునికి ముందు హక్కు. వారసుడు మైనరైనచో పేరు నమోదు చేసి, పని వేరొకనిచే చేయింపవలెను. జమీందారీ గ్రామముల సేవకులకై 1894లోనే వేరొక చట్టము వచ్చియుండెను.

ఈ చట్టమును నిందించుటయు పొగడుటయు సులభము. నిందించువారు, లెక్క వ్రాయుట పుట్టుకతో వచ్చునా యని యడుగుదురు. పొగడువారు, తండ్రి దస్త్రములో ప్రతి గట్టును ఎరిగిన కొడుకు తహశీల్దారునకు గూడ గురువనెదరు. రెండును అబద్ధములు కావు. కాని వింత యేమనగా, చెన్నపురి కోటలో మొట్టమొదటిసారి ఎంపికచే సభ్యులు చేరిన సభ, పల్లెలో పుట్టుకచే వచ్చు ఉద్యోగమునకు అచ్చుముద్ర వేసినది. పైన ద్వారము కొంచెము తెరచిన యేండ్లలోనే క్రింద గొళ్ళెము బిగిసెను. కరణపు కుటుంబములు ఆ గొళ్ళెమును తమకు రక్షణయని తలచినవి. పనిలో నేర్పుగల పరుల బిడ్డకు అదే అడ్డుగోడ. ఆ నేర్పుగల బిడ్డ ఏ కులమువాడైనను, ఏ కాపు ఇంటివాడైనను, కరణీకమునకు అర్జీ పెట్టుకొను హక్కు వానికి లేకపోయెను.

తరువాతి కథ వేగముగా నడచినది. 1909 చట్టముతో ఎన్నిక యను మాట చట్టములోనికి ప్రవేశించెను. దానితోబాటు మతమునుబట్టి వేరు నియోజకవర్గములను ప్రవేశించెను. 1920 చట్టముచే బోర్డులకు ఎన్నికైన అధ్యక్షులు వచ్చిరి. ఆ యేటనే జరిగిన శాసనసభ యెన్నికలలో చెన్నపురి రాజధాని మొత్తమున ఓటర్లు సుమారు పండ్రెండున్నర లక్షలు. పల్లెలో ఓటునకు కొలబద్ద శిస్తు; కాబట్టి ఓటర్ల జాబితా చాలవరకు కరణము చిట్టానుండి పుట్టినది. పదిరూపాయలు శిస్తు కట్టువాడు పౌరుడు, తొమ్మిది కట్టువాడు కాదు. పాలేరును, కౌలుకూలియు, మేకలవాడును లేరు. స్త్రీలకు 1921లో చెన్నపురి సభ ఓటునిచ్చిన మాట నిజము. కాని ఆస్తి తమ పేరనున్న స్త్రీలెందరు? 1952 నాటి సామాన్య ఎన్నికలలోగాని శిస్తుతో పనిలేక, చదువుతో పనిలేక, ఇరువదియొక్క యేండ్లు నిండిన ప్రతివారును పెట్టెలో చీటి వేయలేదు. అపుడు పెట్టెలపై గుర్తులుండెను. అక్షరము రానివారు కాడియెద్దులను, గుడిసెను చూచి ఓటువేసిరి.

గ్రామోద్యోగపు టెన్నిక మాత్రము ఆ తరువాతను తేలలేదు. 1950 రాజ్యాంగములోని 16వ అధికరణము, వంశమును బట్టి ప్రభుత్వోద్యోగములో భేదము చూపరాదని చెప్పినది. అయినను 1895 చట్టము పదేండ్లు యథాతథముగా నడచెను. గ్రామములను కలిపినపుడో విడదీసినపుడో క్రొత్తగా నేర్పడు ఉద్యోగమును పాత కుటుంబములలోని వారికే ఈయవలెనని ఆ చట్టములోని ఆరవ సెక్షనునందు నియమము కలదు. ఆంధ్రప్రదేశములో ఒక గ్రామ మునసబు పదవిని గూర్చి పుట్టిన తగవు సుప్రీంకోర్టు వరకు పోయెను. 1960 డిసెంబరులో ఆ న్యాయస్థానము, గ్రామోద్యోగము రాజ్యము క్రింది ఉద్యోగమే కనుక వంశమును చూచి ఈయరాదని తీర్పు చెప్పి, ఆ నియమమును కొట్టివేసెను. ఎవరు ఉద్యోగమునకు అర్హులో పుట్టుక నిర్ణయింపరాదని చెప్పుటకు 1895 మొదలు 65 ఏండ్లు పట్టెను. ఆ కరణీక, మునసబు పదవులే 1984లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వముచే రద్దయినవి. తాళపుచెవులతో, పాత చిట్టాలతో, అడంగళ్ళతో నిండిన పెట్టెలు ఆ యేట ఊరూర తహశీలు కచ్చేరీలకు చేర్చబడెను.